దొరకి పడదు

"ఆగు! పొయ్యకు!"

భర్త కేకకి ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చేతిలో సగం గ్లాసు ద్రాక్షరసం. కింద గిన్నె ముందు తోకాడిస్తూ దొర. దొర అంటే ఆ ఇంటి కుక్క. పిలిచినా ఓ పట్టాన లేవదు కాబట్టి ఆ పేరొచ్చింది.

కూతురు చిట్టి తాగలేక వదిలేసిన జ్యూసు అది. ఎండకి దొర నాలుక వేలాడేసుకుని రొప్పుతోంది కదా, కాస్త పోద్దామనుకుంది ఆమె.

"ద్రాక్ష కుక్కలకి విషం, తెలుసా?" ఫోన్ చూస్తూనే సోఫాలోంచి లేచొచ్చాడు భర్త. ఆఫీసుకి ఆలస్యమవుతున్నా తన సాక్సులు తాను వెతుక్కోవడానికి లేవని మనిషి! "కిడ్నీలు పోతాయట. ఇక డబ్బా జ్యూసుల్లో కొన్నిట్లో చక్కెర బదులు జైలిటాల్ అని ఏదో వేస్తారట. అది కొంచెం లోపలికెళ్లినా ప్రాణం మీదికొస్తుందట. మిగతా జ్యూసుల్లోనేమో బోలెడు చక్కెర. మంచినీళ్లు తప్ప దీనికేం పొయ్యొద్దు."

"అయ్యో నా తండ్రీ!" అత్తగారు దొరని దగ్గరికి లాక్కుంది. "కాస్త చూసుకోవద్దూ అమ్మా? దొరకి పడదట!" అని, గ్లాసు వైపు చూసి గొంతు మార్చింది. "అలాగని పారబొయ్యకు. నువ్వు తాగేసెయ్."

సమస్య తీరిపోయింది. భర్త మళ్లీ సోఫాలో పడ్డాడు.

ఆమె గ్లాసు వంక చూసింది. పోయిన నెల డాక్టరమ్మ చెప్పింది: "షుగర్ హద్దు దాకా వచ్చిందమ్మా. ఇప్పుడే ఆపుకోవాలి. తీపి పానీయాలు పూర్తిగా మానెయ్." ఆమె తల్లికి చూపు పోయింది ఈ జబ్బుతోనే. చివరి రోజుల్లో ఆవిడ కన్నకూతురి మొహాన్ని వేళ్లతో తడిమి పోల్చుకోవడం ఆమె మరిచిపోలేదు. డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు గదిలో భర్తా ఉన్నాడు. తిరిగొస్తూ కారులో అన్నాడు: "డాక్టర్లు అలాగే భయపెడతారు. నీకేం, రాయి తిన్నా అరుగుతుంది." మెచ్చుకోలే అనుకుని ఆమె నవ్వింది కూడా.

ఈ ఇంట్లో అందరికీ ఏదో ఒకటి పడదు. భర్తకి మీగడ పడదు. చిట్టికి గుడ్డులో పచ్చసొన పడదు. అత్తగారికి నిన్నటి కూర పడదు. పడనివన్నీ చివరికి చేరేది ఆమె కంచంలోకే. ఆఫీసులోనూ అంతే. పుట్టినరోజు కేకు మీద ఎవరికీ అక్కర్లేని క్రీము పువ్వు, "మేడం తినేస్తారులే" అంటూ ఆమె బల్ల మీదికి వచ్చేస్తుంది. పడనిదంటూ ఏదీ లేని మనిషి ఆమె ఒక్కతే. నిజంగా లేదా? ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పిందా?

"ఏవండీ, ఫోన్ చేతిలోనే ఉందిగా. ఇది మనిషికి పడుతుందో లేదో కూడా చూస్తారా?"

"ఏ మనిషికి?" అన్నాడతను తలెత్తకుండానే.

ఆమె సింకు దగ్గరికి నడిచి గ్లాసు వంచింది. ఊదారంగు నీరు గుడగుడమంటూ దిగిపోయింది.

"అదేంటే! నిక్షేపంలాంటి జ్యూసు!" అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది.

"నాకూ పడదు, అత్తయ్యా."

"నీకా? ఎప్పట్నుంచి?"

భర్త అప్పుడు తలెత్తాడు. డాక్టరు గది గుర్తొచ్చిందో ఏమో, ఫోన్ పక్కన పెట్టేశాడు.

ఆమె దొర గిన్నెలో మంచినీళ్లు పోసింది. తనకో గ్లాసు నింపుకుంది. కుర్చీ లాక్కుని వాళ్ల మధ్యే కూర్చుని, తొందర లేకుండా తాగింది.

"చిట్టీ, ఇకనుంచి తాగగలిగినంతే పోసుకో తల్లీ," అంది. "ఈ ఇంట్లో మిగిలింది ఇక మిగిలినట్టే ఉంటుంది."