గొర్రెలు నాకిన గుంత

కాగితం తన ముందుకు వచ్చినా గోవిందయ్య దాన్ని ముట్టుకోలేదు. కర్ర చంకలో ఆనించుకొని నిలబడ్డాడు.

“గుంతలో మట్టి మూడడుగుల లోతు తీసి, డ్రమ్ముల్లో తరలించి, కొత్త మట్టి పోశామని రాసుంది. పక్క చేను నీదే కాబట్టి సాక్షి సంతకం నీది కావాలి,” అన్నాడు వీరేంద్ర. శుభ్రం చేసే పని పట్టిన కంపెనీకి అతడు సూపర్‌వైజరు.

రాచర్ల దాటాక నల్లమల వాలులో ఉంది ఆ గుంత ఉన్న మిట్ట. నాలుగేళ్ల కిందట యురేనియం కోసం అక్కడ బోర్లు వేశారు. బోర్ల బురద నీళ్లను నీలం ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంతలోకి వదిలి, వెదికేవాళ్లు వెళ్లిపోయారు. పట్టా చిరిగింది. నీళ్లు ఇంకిపోయి గుంత అడుగున తెల్లగా చౌడు పేరింది. గోవిందయ్య గొర్రెలు దాన్ని కనిపెట్టి నాకాయి. బండ మీద గుప్పెడు ఉప్పు చల్లితేనే ఎగబడతాయవి. ఇక్కడ కొననక్కరలేకుండా దొరికింది. మంచిదే అనుకున్నాడు. రెండు వేసవులు తనే తోలుకొచ్చి నాకించాడు.

తరువాత పరీక్ష చేసినవాళ్లు ఆ మట్టిలో ఉండకూడనివి ఉన్నాయన్నారు. ఆ పూట గోవిందయ్య అన్నం ముట్టలేదు.

మట్టంతా తీసెయ్యాలని, ఊరి ఎదుట తనిఖీ జరగాలని ఆర్డరు వచ్చింది. ఈ రోజు ఆ తనిఖీ. జిల్లా ఆఫీసు మేడం చూస్తుండగా వీరేంద్ర మనిషి ఒకడు రేడియేషన్ కొలిచే చేతి మిషను కొత్త మట్టి మీద నడుమెత్తున తిప్పాడు. అది అప్పుడొకసారి, ఇప్పుడొకసారి టిక్కుమంది.

“మామూలే మేడం,” అన్నాడు వీరేంద్ర.

సర్పంచి నరసింహం గోవిందయ్య చెవి దగ్గరికి వచ్చాడు. “పెట్టు మామా. ఇంకా తిరగదోడినామంటే మన ఊరి పాలు గిద్దలూరులో ఎవురు కొంటారు? నీ పొట్టేళ్లెవురు కొంటారు? అదో, ఖాసింపీరా బండి గూడ తెచ్చినాడు.”

కింద బాటలో కంభం బేరగాడు ఖాసింపీరా బండి తలుపు తెరిచి నిలబడ్డాడు. బక్రీదుకు ముప్పై పొట్టేళ్లు మాట్లాడుకున్నాడు. కంది ఎండిపోయిన ఆ ఏడాది గోవిందయ్య ఇంటికి అవే ఆధారం.

“మట్టి తీస్తుంటే మీరు చూశారా?” అని మేడం అడిగింది.

“డ్రమ్ములు వచ్చేటప్పుడు ఎట్ల మోగినాయో, పోయేటప్పుడు గూడ అట్లనే మోగినాయి,” అన్నాడు గోవిందయ్య.

వీరేంద్ర నవ్వాడు. “డ్రమ్ముల సంగీతం కూడా రిపోర్టులో రాయాలా?”

“మట్టి నిండిన డ్రమ్ము పాడదు సారూ. పాడిందంటే దాని కడుపు కాలీ అని,” అంది గోవిందయ్య భార్య కొండమ్మ.

“నువ్వు పక్కకు పోమ్మా.”

“నా చేలో నిలబడి నన్నే పొమ్మంటివే! యాడికి పోదును, నీ లారీ కిందికా?”

మేడం గడియారం చూసుకుంది. “ఆధారం ఉంటే చూపించండి. మాటల మీద నేను రాయలేను.”

గోవిందయ్య ఒకసారి ఖాసింపీరా బండి వైపు చూశాడు. తరువాత కంపదొడ్డి దగ్గరికి నడిచి కంప పక్కకు లాగాడు. మూడు రోజులుగా అతడు మందకు ఉప్పు పెట్టలేదు. ఎందుకో కొండమ్మకు ఇప్పుడు తెలిసింది.

“వద్దయ్యో, బేరగాడు చూస్తాండాడు,” అంది గొంతు తగ్గించి.

తొలకరికి మిట్టంతా పచ్చిక మొలిచింది. గొర్రెలు దానికి మూతి తగిలించకుండా దాటిపోయాయి. ముందు నడిచే బొట్టు గొర్రె కొత్త మట్టి నడిమధ్యకు పోయి ముంగాలితో గీరింది. మిగతావీ చుట్టూ చేరి గీరాయి. జానెడు లోతున తెలుపు బయటపడింది. వీరేంద్ర మనుషులు అరుస్తూ తోలబోయారు. అవి తల ఎత్తలేదు, నాకుతూనే ఉన్నాయి. బొట్టు గొర్రె కాలు విదిలిస్తే, గిట్టకు చిక్కుకొని నీలం పట్టా పేలిక పైకి లేచింది.

“మిషను అక్కడ పెట్టండి. నేలకు దగ్గరగా,” అంది మేడం.

మిషను పట్టుకున్నవాడు వీరేంద్ర మొహం చూశాడు.

“ఆయన్నేం చూస్తారు? పెట్టండి.”

పెట్టాడు. మిషను టిక్కుటిక్కుమని ఆగకుండా కొట్టుకుంది.

“గొర్రెల సాక్ష్యం మీద రాస్తారా మేడం?” అన్నాడు వీరేంద్ర.

“వాటికి నువ్వు జీతమియ్యలేదు గదా సారూ, అందుకే నిజం చెప్పినాయి,” అంది కొండమ్మ.

మేడం కాగితానికి అడ్డంగా గీత కొట్టి, శుభ్రం కాలేదని రాసింది.

గోవిందయ్య అప్పటికే మందలో ఉన్నాడు. ఏనాడూ వేయని దెబ్బలు వేసి గొర్రెలను ఆ మట్టి మీంచి తోలాడు. బొట్టు గొర్రె రానంటే మెడ పట్టి ఈడ్చుకొచ్చాడు.

కింద బండి తలుపు మూసిన చప్పుడైంది. ఖాసింపీరా పైకి నడిచి వచ్చాడు.

“ఏమనుకోవద్దు గోవిందన్నా. కుర్బానీకి ఇచ్చేటివి. కండ్లారా చూసినాక ఎట్ల ఎక్కించుకుందును?”

“తెలుసు.”

“తెలిసే విడిచినావా?”

“ఎవురి ఇంట్లోనో ఉడికేటివి,” అన్నాడు గోవిందయ్య.

నరసింహం ఉమ్మేశాడు. “ఊరి మొహాన మసి పూసినావు మామా.”

“పూసినాయన ఆడున్నాడు. పోయి ఆయన్నడుగు.”

వీరేంద్ర వినిపించేలా అన్నాడు: “ఏం గెలిచావు పెద్దాయనా? మేం మళ్లీ తవ్వుకుంటాం. నీ మంద నీకే మిగిలింది.”

గోవిందయ్య అతడి వైపు తిరగలేదు. మేడంతో అన్నాడు: “నా మందను గూడ రాయండి. గుంతను చూసినట్టే వీటిని గూడ పరీక్ష చేసి, ఏముందో కాగితమియ్యాల. అందాక మేత వీళ్లే పెట్టాల.”

“అది నా చేతిలో లేదండీ.”

“రాసేది ఉంది గదా.”

మేడం కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది. రాసింది. కింద గోవిందయ్య సంతకం పెట్టాడు.

పది రోజులకు డ్రమ్ములు మళ్లీ వచ్చాయి. రెండు రోజులు తవ్వారు. గొర్రెల సంగతి అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు. అమ్ముడుపోని మంద దొడ్డిలో అరుస్తూనే ఉంది. డ్రమ్ములు ఎక్కించిన లారీ బయలుదేరబోతుంటే గోవిందయ్య అడ్డం నిలబడ్డాడు.

“ఇంకేం కావాలి?” అన్నాడు వీరేంద్ర పళ్లు కొరుకుతూ.

గోవిందయ్య కర్ర చాచి మొదటి డ్రమ్మును కొట్టాడు. మొద్దుగా పలికింది. రెండోదీ అంతే. వరసగా కొట్టుకుంటూ లారీ చుట్టూ నడిచాడు. వెనక మూలనున్నది ఖంగుమంది.

“దించు,” అన్నాడు.