కృతజ్ఞతల పేజీ

నోయిడాలో పదిహేడో అంతస్తు స్నానాలగదిలో పాపయ్య గోడకు టైల్సు అతికిస్తున్నాడు. మోకాళ్ళ కింద మడతపెట్టిన సిమెంటు సంచి, చెవి వెనక పెన్సిలు. ఒక్కో టైలునూ రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి, బోలుగా మోగితే ఊడదీసి మళ్ళీ పెడతాడు. ముప్పై ఏళ్ళలో ఢిల్లీ చుట్టుపక్కల ఎందరికి స్నానాలగదులు తీర్చిదిద్దాడో అతనికే తెలియదు. ఆ మహానుభావుడు స్నానం చేసేది మాత్రం మునిర్కా అవతల బస్తీలో, వీధి కుళాయి కింద, లుంగీతోటి.

ఈసారి ఆ రాత మారుతుందనుకున్నాడు. బస్తీ తీసేసి, ఏళ్ళతరబడి విడవకుండా అక్కడే ఉన్నవాళ్ళకు ఫ్లాట్లు ఇస్తారట. జాబితా ఇవాళే ఆఫీసు గోడకు అంటిస్తారని తెలిసి, మధ్యాహ్నానికే పని కట్టిపెట్టి మెట్రో ఎక్కాడు.

జాబితాలో ఇరుగూ పొరుగూ అందరూ ఉన్నారు. పాపయ్య లేడు. తోసుకుంటూ కిటికీ దగ్గరికి పోయి అడిగాడు. గుమస్తా ఈ బస్తీ మీద వచ్చిన ఓ ఇంగ్లీషు పుస్తకం తీసి, చివరి పేజీలో ఒక పేరు మీద వేలు పెట్టాడు.

"పాపయ్య, టైల్ మిస్త్రీ. ఆప్ హీ హో నా?"

"హా సాబ్."

గుమస్తా వెనక్కి ఇంకో పేజీకి తిప్పి హిందీలో వివరించాడు. ఈ బస్తీలో ఒక టైల్స్ మేస్త్రి ఏటా వానాకాలం రెండు నెలలు గుడిసెకు తాళం వేసి ఊరికి పోతాడట. అక్కడ అతనికి అరెకరం చేను కూడా ఉందట. మరి విడవకుండా ఉన్నట్టెలా అవుతుంది? అందుకే పేరు కొట్టేశారు.

పాపయ్య గుంపులోంచి బయటపడి బస్తీ దారి పట్టాడు. సర్వేకు ఎవరొచ్చినా బస్తీ అంతటిదీ ఒకటే జవాబు: ఎక్కడికీ పోలేదు, ఊళ్ళో ఏమీ లేదు. పది సర్వేలకు అతనూ ఆ పాఠమే అప్పజెప్పాడు. పదకొండోసారి వచ్చింది భావన. నగరాల్లో పేదలకు ఇళ్ళెందుకు దొరకవో పరిశోధిస్తున్న యూనివర్సిటీ పిల్ల. "బాగున్నారా అంకుల్" అని తెలుగులో పలకరించింది. అంతే, కరిగి నీరైపోయాడు వెర్రి మనిషి! మంచం వాల్చి, చాయ్ ఇచ్చి, కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నాడు.

బస్తీకి వచ్చేసరికి ఆ పిల్లే గుమ్మం ముందు నిలబడి ఉంది. చేతిలో అదే పుస్తకం.

"అంకుల్, అచ్చయిపోయింది! ఇళ్ళిచ్చే ఆఫీసుకు పోయిన నెలే ఒకటి పంపాను. లోపలెక్కడా మీ పేరు రానివ్వలేదు, ఒక మేస్త్రి అని మాత్రమే రాశాను. చివర థాంక్స్ చెప్పేచోట మాత్రం మొదటి పేరు మీదే."

"ఎందుకు బెట్టినవ్ బిడ్డా?"

"మీరు చెప్పకపోతే ఈ పుస్తకమే లేదు కదా!"

"గా పేరు జూసే, జాబితాల నా పేరు కొట్టేసిండ్రు."

అతను చెప్పిందంతా విని భావన ముఖం పాలిపోయింది. "ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళకీ ఇల్లివ్వాలనే రాశాను అంకుల్, నిజంగా. రేపే ఆఫీసుకెళ్ళి మాట్లాడతాను."

"రేపు పొద్దుగాల బుల్డోజర్ వస్తది."

ఆ పిల్ల ఏడ్చింది. పాపయ్యకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది.

"పరాయోళ్ళకు ఒక్క ముక్క జెప్పలే. ఇంటి పిల్ల లెక్క ఉన్నవని నీకు జెప్పిన. నువ్వు మోసం జెయ్యలే, నాకెరుకే. కానీ నేను మోసపోయిన గదా!"

భావన పుస్తకం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

పొద్దు వాలకముందే టెంపో వచ్చింది. గ్రేటర్ నోయిడాలో కొత్తగా లేస్తున్న బిల్డింగు దగ్గర కూలీల రేకుల షెడ్డులో ఒక మూల దొరికింది. భార్య కస్తూరి ఒక్కో సామానే అందిస్తుంటే పాపయ్య ఎక్కించాడు. తలుపు కూడా ఊడదీసి పైన వేశాడు. డ్రైవరు అరుగు వైపు చూసి అడిగాడు.

"ఔర్ కుఛ్, భయ్యా?"

"కుఛ్ నహీ."

టెంపో సందు మలుపు తిరిగింది. అరుగు మీద పుస్తకం అలాగే ఉంది, లోపలి మొదటి తెల్ల కాగితం మీద నీలం సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, "మా పాపయ్య అంకుల్‌కి" అని రాసి.