గోటి పెన్సిలు

ప్రేక్షకులు పొద్దున్నే వచ్చి వంటింట్లో కూర్చున్నారు. ఆట సాయంత్రం, టౌనుహాల్లో. అయినా వాళ్లు టిక్కెట్లు చేత్తో పట్టుకుని, వరసలుగా కుర్చీలు వేసుకుని పొయ్యి వైపు చూస్తున్నారు. కోదండపాణి పాలు కాచాలంటే మొదటి వరస వాళ్ల మోకాళ్లు దాటుకుని వెళ్లాలి.

"కాస్త జరగండి," అంటాడు.

"ఇది నా నంబరేనండి," అంటాడు మొదటి కుర్చీలో ఉన్న నూకరాజు. టిక్కెట్టు చూపిస్తాడు. దాని మీద 'వంటిల్లు, మొదటి వరస' అని అచ్చయి ఉంది. కోదండపాణి పక్కనుంచి ఒదిగి వెళ్తాడు. పాలు పొంగుతాయి. చప్పట్లు కొడతారు.

రెండో వరసలో, బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య, అతని భార్య హైమవతి కూర్చుని ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి ప్రతి ఆటలోనూ ఆమె స్టేజీ మీదే ఉంది. కాగితం అందించేది ఆమె, అతని కళ్లకి గంతలు కట్టేది ఆమె. ఇవాళ టిక్కెట్టు తీసుకుంది. పక్క కుర్చీలో ఆమె సూట్‌కేసు ఉంది. దానికీ టిక్కెట్టు ఉంది.

"సాయంత్రం నేనొకటి తలుచుకుంటాను," అంటుంది హైమవతి. "నేను నోరు తెరవకముందే మీరది రాసి ఉండాలి. రాస్తే ఉంటాను. నేను చెప్పాక మీ బొటనవేలు కదిలిందో, రాత్రి బండికి నేనూ ఈ పెట్టే వెళ్లిపోతాం."

"నువ్విలా అంటావని నాకు ముందే తెలుసు."

"అదిగో. విన్నారా?" హైమవతి వెనక వరస వైపు తిరుగుతుంది. "మా నాన్న పోయాడని కబురొచ్చి ఏడుస్తూ చెబితే, అప్పుడూ ఇదే మాట."

వెనక ఎవరో నాలుక చప్పరిస్తారు.

కోదండపాణి ఎదుటివాళ్ల మనసులో మాట చెబుతాడు. అతని వృత్తి అది. కాగితం మీద ఏదో రాసినట్టు నటించి, పెన్సిలు బల్ల మీద పెట్టేసి, "ముందే రాశాను," అంటాడు. ప్రేక్షకుడు తన అంకె చెబుతాడు. అప్పుడు కాగితం పెట్టిన అట్ట చాటున, బొటనవేలి గోటికి అతికించిన పెన్సిలు మొనతో అసలు అంకె రాస్తాడు. ముందు అబద్ధం, తరవాత రాత. ఆ మొనని మైనంతో గోటికి అతికించేది హైమవతి. వేలు ఎంత కదిలితే ఏ అంకె పడుతుందో ఆమెకి తెలుసు. ఇవాళ ఆమెకి తెలియని మొన కావాలి.

అతను జక్కరయ్య దుకాణానికి బయల్దేరతాడు. ప్రేక్షకులు కుర్చీలు ఎత్తుకుని వెనకే వస్తారు. బస్సులో కండక్టరు వాళ్లకి టిక్కెట్లు కొట్టడు, ముందే ఉన్నాయి కాబట్టి.

కోటిపల్లి బస్టాండు వెనక సందులో ఉంది ఆ దుకాణం. గారడీ సామాను అమ్ముతారు. లోపల మొదటి వరసే పడుతుంది. మిగతా వరసలు బయట సోడా బండి చుట్టూ సర్దుకుంటాయి. హైమవతి కుర్చీ నుంచి చూస్తే గుమ్మంలోంచి కోదండపాణి కుడిచెయ్యి కనపడుతుంది. అతను చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. జేబు పారదర్శకంగా ఉంది. తీసేస్తాడు.

"ఇంతమందిని వెంటేసుకొచ్చావేంటయ్యా పాణీ," అంటాడు జక్కరయ్య. "రహస్యం కొనుక్కోడానికా, పెళ్లికా?"

"వాళ్లంతట వాళ్లే వచ్చారు."

"అయితే కళ్లు మూసుకోమను."

మొదటి వరస కళ్లు మూసుకుంటుంది. జక్కరయ్య అగరొత్తుల పెట్టె తెరిచి ఒక మొన తీస్తాడు. దీనికి వేలు కదపక్కర్లేదు, అక్షరం తనంతట తనే పడుతుంది. కోదండపాణి గోటికి పెట్టుకుని నూకరాజుని ఒక అంకె చెప్పమంటాడు.

"ఏడండి."

కాగితం మీద ఏడు ఉంది. నూకరాజు కళ్లు తెరుస్తాడు. "అంకె సరిపోయిందండి. రాత మాత్రం నాది. ఏడుకి తోక అలా వంచేది మా ఇంట్లో నేనొక్కణ్ణే."

"ఎవరు చెబితే వాళ్ల దస్తూరీలో పడుతుంది," అంటాడు జక్కరయ్య. "బయటివాళ్లయితే పట్టుకోలేరు."

"మా ఆవిడ పట్టుకుంటుంది," అని కోదండపాణి అది తిరిగి ఇచ్చేస్తాడు.

జక్కరయ్య బొటనవేలి తొడుగొకటి తీస్తాడు. చర్మం రంగులో ఉంది, కొసన మొన ఉంది. కోదండపాణి వేలు లోపల పెడతాడు. వెచ్చగా ఉంది.

"ఇంతకు ముందు ఎవరిది?"

"ఇప్పటికీ అతనిదే. వాడుకో, ఏమనడు. పైకి చెప్పింది రాయదిది. మింగేసింది రాస్తుంది."

వరస చివర కూర్చున్న పెద్దావిణ్ణి ఒక పువ్వు పేరు చెప్పమంటారు. ఆవిడ గులాబీ అంటుంది. 'ఆ తగాదా నాడు తప్పు నాదే, చెల్లెలు కాదు' అని కాగితం మీద పడుతుంది. ఆవిడ అది చదువుకుంటుంది, కుర్చీ మడుస్తుంది, చెల్లెలి ఊరికి ఏ బస్సు వెళ్తుందో అడిగి వెళ్లిపోతుంది.

"దీంతో హాళ్లు ఖాళీ అయిపోతాయి," అంటాడు జక్కరయ్య. "అందుకే ఎవరూ కొనరు."

కోదండపాణి గుమ్మం వైపు చూస్తాడు. సోడా బండి పక్కన హైమవతి గుటక వేస్తోంది. తొడుగు లోపల వేలు అదరడం మొదలవుతుంది. కాగితం మీద ఒక గీత పడుతుంది. రెండో గీత పడకముందే తొడుగు లాగేస్తాడు.

"ఇంకేం లేవా?"

"ఉంది." జక్కరయ్య ఖాళీ అగ్గిపెట్టె తెరుస్తాడు. వెలుతురుకి పట్టి చూస్తే అడుగున ఒక నలుసు. "ఇది నిజంగానే ముందు రాస్తుంది. నువ్వు ఏం రాస్తే ఎదుటి మనిషి అదే చెబుతాడు."

నూకరాజు ముందుకొస్తాడు. "ఈసారి మా అమ్మాయి పేరు తలుచుకుంటానండి."

కోదండపాణి నలుసుని గోటి మీద పెట్టుకుని 'కొబ్బరినూనె' అని రాస్తాడు. చెప్పమంటాడు.

"కొబ్బరినూనె," అంటాడు నూకరాజు.

వరస చప్పట్లు కొడుతుంది. కోదండపాణికి ఊపిరి తేలిగ్గా వస్తుంది. "ఇప్పుడు అసలు పేరు చెప్పండి."

"కొబ్బరి..." నూకరాజు ఆగిపోతాడు. చొక్కా జేబు తడుముకుంటాడు. వంగి కుర్చీ కింద చూస్తాడు. "ఇక్కడే ఉండాలండి. పొద్దున కూడా పిలిచాను."

"కొత్త మాట పెట్టాలంటే చోటు కావాలిగా," అంటాడు జక్కరయ్య. "ఉన్నదాన్ని తీసేస్తుంది."

"తిరిగి వస్తుందా?"

"నా దగ్గర కొన్నవాళ్లెవరూ ఆ సంగతి చెప్పడానికి రాలేదు."

కోదండపాణి అగ్గిపెట్టె మూయడు. నలుసు గోటి మీదే ఉంది. అతను బయటికి వస్తాడు.

బస్సు ఎక్కడు. నడుస్తాడు. నడక పెంచితే వెనక కుర్చీల చప్పుడు పెరుగుతుంది, ఆగితే ఆగుతుంది. రాయాల్సింది ఒక్క మాట. 'ఉంటాను' అని రాస్తే హైమవతి ఉంటాను అంటుంది, పెట్టె ఇంటికి తిరిగొస్తుంది. ఆ మాటకి చోటిచ్చి ఆమె లోపలినుంచి ఏది పోతుందో అని ఆలోచిస్తాడు. ఆమె లోపల ఏముందో అతనికి ఒక్కటీ గుర్తుకు రాదు. ఆమె మాట సగంలో ఉండగా తాను అన్న 'నాకు ముందే తెలుసు' మాత్రం, అన్నిసార్లూ, వరసగా గుర్తుకొస్తుంది. రోడ్డు పక్క పంపు దగ్గర ఆగి చెయ్యి కడుక్కుంటాడు. నలుసు పోదు.

టౌనుహాల్లో కుర్చీలు ఉన్నాయి. ప్రేక్షకులు వాటి ముందు తమ కుర్చీలు వేసుకుంటారు. నూకరాజు కూర్చోడు. మనిషి మనిషి దగ్గరికీ వెళ్లి, "మా అమ్మాయి పేరు మీకేమైనా తెలుసాండి?" అని అడుగుతున్నాడు. తెలిసినవాళ్లు లేరు.

తెర లేస్తుంది. హైమవతి రెండో వరసలో లేచి నిలబడుతుంది.

"తలుచుకున్నాను," అంటుంది.

కోదండపాణి అట్ట పట్టుకుంటాడు. బొటనవేలు కాగితానికి ఆనిస్తాడు. 'ఉ' రాస్తాడు.

హైమవతి పెదవులు సున్నాలా చుట్టుకుంటాయి. ఆమె చెయ్యి మెడ తడుముకుంటుంది, తరవాత చీర కొంగు. తరవాత ఆమె వంగి కుర్చీ కింద చూస్తుంది.

అతను వేలు ఎత్తేస్తాడు. గోటిని బల్ల అంచుకేసి గీస్తాడు. నలుసు కింద పడుతుంది. ఇనప్పెట్టె పడినంత చప్పుడవుతుంది.

"ఝాన్సీ!" అని అరుస్తాడు నూకరాజు. "ఝాన్సీ అండి! ఝాన్సీ!" పక్కవాళ్ల చేతులు పట్టుకుని ఊపేస్తాడు.

హైమవతి నిటారుగా నిలబడుతుంది. కోదండపాణి 'ఉ' ఉన్న కాగితం చించి, తరవాతి కాగితం హాలంతటికీ చూపిస్తాడు. తెల్లగా ఉంది.

"నేను రాయలేదు," అంటాడు. "నాకు తెలీదు హైమా. నువ్వు చెప్పు."

"ఇదేం ఆటండీ?" అంటారెవరో వెనకనుంచి.

"ఊరుకోండి బాబూ," అంటాడు నూకరాజు. "ఇప్పుడేగా మొదలైంది."

హైమవతి అతని బొటనవేలి వైపు చాలాసేపు చూస్తుంది. అది కదలదు. ఆమె కూర్చుంటుంది. సూట్‌కేసుని కుర్చీ మీంచి దింపి, దాని మీద కాళ్లు పెట్టుకుంటుంది.

"ఒక్క మాట కాదది," అంటుంది. "మొదట్నుంచి చెప్పాలి."

"చెప్పు."

ఆమె చెబుతుంది. మొదటి వాక్యం పూర్తయ్యేసరికి అతని బొటనవేలి గోరు ఒక గీతంత పొడుగు పెరుగుతుంది. దాని మీద ఆ వాక్యం ఆమె దస్తూరీలో ఉంది. రెండో వాక్యానికి ఇంకో గీత పెరుగుతుంది. అతను స్టేజీ అంచున కూర్చుని చెయ్యి చాపి ఉంచుతాడు. గోరు మొదటి వరస దాటుతుంది. ప్రేక్షకులు లేచి, అది మడత పడకుండా అంచులు పట్టుకుంటారు. చదవరు. పట్టుకుని నడుస్తారు. మెట్లు దిగుతారు. రోడ్డు మీద కానిస్టేబులు బస్సులు ఆపి దారిస్తాడు. వంతెన దగ్గర రాత్రి బండి, గోరు పట్టాలు దాటేదాకా ఆగి ఉంది.

ముందున్న నూకరాజు గొంతు హాల్లోకి వినపడుతుంది. "ఇంకా ఎంతుందండీ?"

"తెలీదు," అంటాడు కోదండపాణి.

హైమవతి ఇంకా పెళ్లయిన మొదటి వర్షాకాలం దగ్గరే ఉంది. ఇల్లు ఎక్కడ కారిందో, ఏ గిన్నె ఎక్కడ పెట్టిందో చెబుతోంది. గోరు గోదావరి మీద నుంచి వెళ్తోంది. అవతలి ఒడ్డున, దాని కొస అందుకోవడానికి, కొందరు టిక్కెట్లు చేత్తో పట్టుకుని కుర్చీలు వేసుకుంటున్నారు.