డాక్టరమ్మ వేసిన మార్కులు

పరిశోధనలకు ప్రభుత్వ నిధులు పంచే సంఘంలోకి డాక్టరమ్మను కొత్తగా తీసుకున్నారు. పాము విషాల మీద ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి, ఆ విద్యలో ఆవిడ మాటకు తిరుగులేదు. తొలిరోజే గుమాస్తా పెన్సిల్ తెచ్చిచ్చాడు.

“నా దగ్గర పెన్నుందిలే నాయనా.”

“ఇక్కడ మార్కులు పెన్సిల్‌తోనేనండీ. సంతకం మాత్రం పెన్నుతో పెట్టండి. కూడికల్లో తప్పులొస్తాయి కదా, అన్నీ సరిచూసి మేమే ఇంకు పెడతాం.”

వీళ్ల పద్ధతి వీళ్లది కాబోలని ఊరుకుంది. అంత చదువు చదివి ఏం లాభం, అక్కడే కొంప మునిగింది!

ఆ రోజు వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి చదువుతుంటే ఆవిడకు ఒళ్లు పులకరించింది. కరిచింది ఏ పామో ఒక్క నెత్తుటి చుక్కతో అయిదు నిమిషాల్లో తేల్చే పరీక్ష. పంపింది ఎక్కడో చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకునే పిల్ల. డాక్టరమ్మ తొంభై రెండు వేసి సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా కొత్త చట్టం వచ్చింది. ఎవరికి ఎవరు ఎన్ని మార్కులేశారో సంతకాలతో సహా వెబ్‌సైట్లో పెట్టాలట.

“ఇక దొంగలకు మూడిందే!” అని కూతురి దగ్గర సంబరపడింది.

ఆ కూతురే ఆ వెబ్‌సైట్ తెరిచి ఫోన్ పట్టుకొచ్చింది. “అమ్మా, ఆ పాముకాటు పరీక్షకి నలభై ఒకటేనా? మొన్నంతా దాని గురించే ఊదరగొట్టావుగా!”

ఆవిడ పేరు, ఆవిడ సంతకం, పైన నల్లటి ఇంకుతో నలభై ఒకటి. డాక్టరమ్మ గుమాస్తాకు ఫోన్ చేసి కడిగేసింది.

అతను కోప్పడలేదు, కంగారూ పడలేదు. “మీకన్నా ముందు పదకొండు మంది ఇలాగే ఫోన్ చేశారండీ. తర్వాత మానేశారు.”

ఇక ఉండబట్టలేక దరఖాస్తు మీది నంబరు వెతికి ఆ పిల్లకే చేసి, తనెవరో చెప్పింది.

“నేను వేసింది తొంభై రెండమ్మా.”

“ఓదార్చకండి మేడమ్. ఇంకెవరన్నా వేసుంటే పోట్లాడేదాన్ని. మీరే వేశారంటే నా పనిలోనే తప్పుందనుకున్నా. పొద్దున్నే ఫ్రీజర్ ఖాళీ చేయించేశాను. ఆరేళ్ల నమూనాలు.”

“నీ పనిలో ఏ తప్పూ లేదే తల్లీ!” డాక్టరమ్మకు ఏడుపొచ్చేసింది.

ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

“మరి ఆ సంతకం మీదేనా?”

“నాదే,” అంది డాక్టరమ్మ.