జేబులోని తాత

నేను ఒక కోటును. నల్లకోటును. వకీలుదీ కాదు, రైల్లో టికెట్లు చూసే ఆయనదీ కాదు. హనుమకొండలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఉంది. అందులో జర్నలిజం చదివే పిల్లలు ‘గళం’ అని ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఆ క్లబ్బుకు ఒక గది, ఒక ఇనుప బీరువా, ఒక మూగబోయిన మైకు, నేను. ఇంతే ఆస్తి. అందులో బయటి లోకం చూసినది నేనొక్కదాన్నే కాబట్టి, నాకు కొంచెం గీర ఉందనుకున్నా తప్పులేదు.

చౌరస్తా పక్క సందులో యాకూబ్ మాస్టర్ కొట్లో పుట్టాను. ముప్పై ఏళ్లుగా పెళ్లికొడుకుల సూట్లు తప్ప మరోటి కుట్టని చెయ్యి ఆయనది. ఒకరోజు ఎనిమిదిమంది అమ్మాయిలు బిలబిలమంటూ కొట్లోకి వచ్చి, ఇంటర్వ్యూలకు కోటు కావాలన్నారు. ఆయన మెడలోంచి టేపు తీసి, “ఎవలికి బిడ్డా?” అని అడిగాడు.

“మా అందరికి.”

“అయితే ఎన్ని?”

“ఒక్కటే, మాస్టర్.”

ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసుకుని వాళ్లను వరసగా చూశాడు. “అందరికని కుట్టింది ఎవ్వలికీ సరిపోదు బిడ్డా” అన్నాడు. పెద్దల మాట ఆ వయసులో ఎవరు విన్నారు గనుక! చివరికి ఆయనే దారి వెతికి, వాళ్లలో అందరికన్నా పొడుగైన పిల్లను నిలబెట్టి కొలత తీశాడు. కుదించుకోవడం తేలిక గానీ సాగదీసుకోవడం కష్టమని ఆయన లెక్క. చేతి అలవాటు పోక గుండీలు మగవాళ్ల కోటుకు కుట్టినట్టే కుడిపక్కన కుట్టాడు. తీరా ఆ పొడుగు పిల్ల ఇంటర్వ్యూల ఊసే ఎత్తకుండా బీఈడీలో చేరిపోయింది. మిగిలినవాళ్లకు నేను గోనెసంచిలా వేలాడాను.

దానికి వాళ్లు కనిపెట్టిన మందు పిన్నీసులు. తొడుక్కున్న పిల్ల వీపు వెనక నన్ను మడతలు పెట్టి పిన్నీసులు గుచ్చేవాళ్లు. ముందునుంచి చూస్తే కలెక్టరమ్మ, వెనకనుంచి చూస్తే మూటగట్టిన చాకలిబట్ట. అందుకని క్లబ్బులో ఒక ఆచారం పుట్టింది. ఇంటర్వ్యూ అయ్యాక ఎవరూ వీపు చూపించకూడదు. దండం పెట్టుకుంటూ, నవ్వుకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి తలుపు దాకా వచ్చెయ్యాలి. శుక్రవారం సాయంత్రాలు దీనికోసం ప్రత్యేకంగా సాధన చేసేవాళ్లు. బెంచీలు తగిలి ఎంతమంది పడ్డారో, నా మోచేతులు చూస్తే తెలుస్తుంది. అవతల కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు మాత్రం ఈ కాలేజీ పిల్లలకు ఎంత మర్యాదో అని మురిసిపోయేవాళ్లు. మర్యాదంతా పిన్నీసులది.

నన్ను మొదట తొడుక్కుని ఉద్యోగం తెచ్చుకున్నది వినీల. తొమ్మిదేళ్ల కిందటి మాట. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. నాకు లోపలివైపు, ఎడమ పక్కన ఒక జేబుంది, సరిగ్గా గుండె మీద. “ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నావు?” అని ఆ రోజు అడిగినప్పుడు వినీల గుండె డప్పులా కొట్టుకోవడం నాకు బాగా గుర్తు. భయమనుకున్నాను. ఆ పిల్ల గొంతు సవరించుకుని, వాళ్ల తాత రోజూ చాయ్ హోటలు ముందు కూర్చుని పేపరు పైకి చదివేవాడనీ, చదువురానివాళ్లంతా చుట్టూ చేరి వినేవాళ్లనీ, తాను ఆయన ఒళ్లో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాననీ చెప్పింది. ఎదుటివాళ్ల కళ్లు చెమర్చాయి. నేనూ కరిగిపోయాను.

ఉద్యోగం వచ్చాక వినీల నన్ను బీరువాలో తగిలిస్తూ, లోపలి జేబులో ఒక చీటీ పెట్టింది. “ఎందుకీ రంగం అని తప్పకుండా అడుగుతరు. నేను తాత ముచ్చట చెప్పిన. పనిచేసింది.” కింద తాత కథ మొత్తం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది, వెనక వచ్చే పిల్లలకు సాయంగా ఉంటుందని.

ఆ వెనక వచ్చినవాళ్లు ఊరుకుంటారా! రెండో ఏడు ఇంకో పిల్ల అదే తాతను తీసుకెళ్లింది. మూడో ఏడు తీసుకెళ్లిన పిల్ల ఆయనకు చూపు పోగొట్టింది, చూపు పోయాక పేపరు తనే చదివి వినిపించానని చెప్పడానికి. అయిదో ఏడు ఆయన స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లాడు. ఏడో ఏడు పేపరు గుండెల మీద పెట్టుకుని ప్రాణం విడిచాడు. ఎవరికి వాళ్లు కొత్త చీటీ రాసి జేబులో కలిపారు. పాపం, ఏటేటా ఆ ముసలాయనకు ఏదో ఒక రోగం తగిలించి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. వచ్చే కంపెనీలు వేరు, అడిగే మనుషులు వేరు. నిజం రాసే ఉద్యోగానికి మనుషుల్ని ఎంచుకునేవాళ్లలో ఒక్కరైనా ఆ తాత పేరేమిటని అడగకపోవడం నాకు చిత్రంగానే ఉండేది. అడిగితే నా జేబు ఖాళీ అయ్యేది కాబట్టి నేనూ నోరు మెదపలేదు. మెదపడానికి నోరుంటే కదా.

ఇక దీవెన సంగతి.

దీవెన పరకాల దగ్గరి పిల్ల. తల్లి ఎలీషమ్మ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. క్లబ్బులో మూడేళ్లూ గోడపత్రిక అంతా దీవెన రాసిందే. రాయమంటే చెయ్యి ఆగదు, మాట్లాడమంటే నోరు పెగలదు. చివరి ఏడు హైదరాబాదు నుంచి ఒక పేపరు వాళ్లు కాలేజీకి వస్తున్నారని, ట్రైనీ రిపోర్టరు ఉద్యోగం ఒకటే ఒకటి ఉందని నోటీసు పడింది. ఆ పేపరు పేరు చదివినప్పుడు దీవెన మొహం మాడిపోవడం నేను బీరువా సందులోంచి చూశాను. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

“పేరు ఇయ్యవాయె?” అని నిలదీసింది ఫర్హానా. క్లబ్బు అధ్యక్షురాలు, గయ్యాళి, బంగారం లాంటి పిల్ల.

“ఇస్త అక్కా. ఇదే ఆఖరుది. ఇది రాకుంటే ఒకటో తారీఖు నుంచి చీరెల షోరూముల నిలవడుడే. మామ మాట్లాడి పెట్టిండు. ఈ ఒక్కటి చూస్తనని అమ్మ ఆపింది.”

“అయితే రావాల్సిందే. నీ ముచ్చట నువ్వు చెప్పుకుంటవా, తాతను తోల్కపోతవా?”

దీవెన గోడపత్రిక కేసి చూసి, “నా ముచ్చట వీళ్లకు చెప్పేది కాదక్కా. తాతనే ఇయ్యి” అంది.

వారం రోజులు ఫర్హానా పట్టుబట్టి నేర్పింది. కథ బట్టీ పట్టించింది, నడక నేర్పింది, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు వణకాలో కూడా చెప్పింది. ఇంటర్వ్యూ రోజు పొద్దున నా వీపున అయిదు పిన్నీసులు గుచ్చి, “ఇగ పో, తాత ఉన్నడు నీ తోడు” అని వీపు తట్టింది. ఒక పిన్నీసు గుచ్చుకుని దీవెన కెవ్వుమంది.

గదిలో ఇద్దరున్నారు. ఒకాయన నెరిసిన జుట్టు ఎడిటరు. పక్కన కూర్చుని దరఖాస్తులు తిప్పుతున్న మేడం తల ఎత్తింది. అమ్మో! నా గుండీలు ఊడిపోతాయనుకున్నాను. వినీల! కొంచెం ఒళ్లు చేసింది, కళ్లజోడు వచ్చింది. కానీ ఆ గొంతు నేను మర్చిపోతానా? దీవెనకు ఆమె ఎవరో తెలియదు. చెప్పడానికి నాకు దారి లేదు.

ఎడిటరు గారు మొదటి ప్రశ్నే అది వేశారు. “ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నావమ్మా?”

వద్దే పిల్లా, వద్దు, అని లోలోపల మొత్తుకున్నాను. దీవెన గుండె డప్పులా మోగింది. తొమ్మిదేళ్ల కిందటి డప్పే. అప్పుడు తెలిసింది నాకు, ఆనాడు వినీలది భయం కాదని.

“మా తాత రోజూ చాయ్ హోటల్ ముందు కూర్చుని పేపరు పైకి చదివేవారు సార్...”

వినీల చేతిలో కలం ఆగింది. నన్ను చూసింది, మగవాళ్ల కోటు గుండీల్ని చూసింది. మొహంలో రంగు మారింది.

“ఆయన ఒళ్లో కూర్చునే అక్షరాలు నేర్చుకున్నావా?” అని మెల్లగా అడిగింది.

“అవును మేడం” అంది దీవెన ఆశ్చర్యంగా.

“ఆయన పేరేంటి?”

ఏ చీటీలోనూ పేరు లేదు. ఆ పిల్ల అక్కడికక్కడ ఏదో ఒక పేరు అనేస్తే సరిపోయేది. నాలుక చివర దాకా వచ్చింది కూడా, ఊపిరి బిగబట్టడం నాకు తెలిసింది. ఆ ఊపిరి వదిలేసి, తల వంచుకుని చెప్పింది.

“తెల్వది మేడం. ఆయన మా తాత కాదు.”

“మరెవరి తాత?”

“జేబుల తాత మేడం.”

నా లోపలికి చెయ్యి పెట్టి, చీటీలన్నీ తీసి బల్ల మీద పెట్టేసింది. ఎడిటరు గారు ఒక్కొక్కటే విప్పి చదివారు. జైలు దగ్గర ఒకసారి నవ్వు ఆపుకున్నారు. చదవడం అయ్యాక ఆయన మొహం గట్టిపడింది. “ఈ ఉద్యోగానికి అబద్ధంతో వచ్చినవాళ్లను ఎట్లా తీసుకుంటారమ్మా?” అన్నారు. దీవెన కుర్చీలోంచి సగం లేచింది.

వినీల అడుగున ఉన్న చీటీ మీద వేలు పెట్టింది. “అయితే నన్ను కూడా తీసెయ్యాల సార్. ఇది నా రాతే. ఆ తాత నాక్కూడా లేడు. మా ఇంట్ల పేపరే రాకపోయేది.”

తొమ్మిదేళ్లు నేను నెత్తిన పెట్టుకున్న ముసలాయన ఒక్క మాటతో గాల్లో కలిసిపోయాడు. నాకు కోపం రావాలి, రాలేదు. ఇరవై ఏళ్ల పిల్ల, ఇంట్లో పేపరు లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఒక తాతను కల్పించుకుంది. జాలేసింది.

వినీల ఈసారి మామూలుగా, మా ఊరి మాటలోనే అడిగింది. “కూసో. నీ ముచ్చటేందో చెప్పు.”

దీవెన కూర్చుంది. “మా అమ్మ బడిల వంట జేస్తది మేడం. నేను ఇంటర్ల ఉన్నప్పుడు ఒకరోజు పిల్లలకు వాంతులైనయి. తెల్లారి పేపర్ల మా అమ్మ పేరు పెట్టి, వంటమనిషి నిర్లక్ష్యం అని రాసిన్రు. తప్పు నీళ్ల ట్యాంకుదని పదిరోజులకు తేలింది. అది మాత్రం ఎవ్వలు రాయలే. రాసినాయన మా ఇంటికి రాలే, మా అమ్మను ఒక్క మాట అడగలే. పని మళ్ల ఇచ్చిన్రు గని, మా వాడల ఇప్పటికీ ‘పేపర్ల పడ్డ ఎలీషమ్మ’ అనే అంటరు. పోయి ఒక్క మాట అడిగేటోళ్లు ఒకలన్న ఉండాలె గదా అని ఈ చదువు చదివిన.”

“ఏ పేపరమ్మా?” అన్నారు ఎడిటరు.

దీవెన నన్ను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“మీదే సార్.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం ముందుకు లాక్కుని, బడి ఎక్కడ, ఏ నెల, ఏ సంవత్సరం, అమ్మ ఇంటిపేరేమిటి అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఉద్యోగం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “సరే, వెళ్లమ్మా” అన్నారు.

దీవెన లేచి దండం పెట్టింది. వెనక్కి నడవడం మర్చిపోయింది. అయిదు పిన్నీసులతో సహా నా వీపంతా చూపిస్తూ, గిర్రున తిరిగి తిన్నగా నడిచి వచ్చేసింది. తలుపు చేరేసరికి వెనకనుంచి వినీల గొంతు వినబడింది, “మా అప్పుడు నాలుగే పెట్టేటోళ్లం” అని. ఆ గొంతులో నవ్వుందో ఏడుపుందో నేను చెప్పలేను.

బయటికి రాగానే ఫర్హానా చెయ్యి పట్టుకుంది. “ఏమైందే?”

“తాతను ఇడిసిపెట్టిన అక్కా” అని దీవెన భోరున ఏడ్చింది. నా కాలరంతా తడిసింది. ఇద్దరూ ఉద్యోగం పోయిందనే అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

తర్వాత పన్నెండు రోజులు బీరువాలో ఉన్నాను. ఇంకో నాలుగు రోజుల్లో షోరూములో చేరాలనగా, ఒక మధ్యాహ్నం దీవెన తలుపు తోసుకుని వచ్చింది. వెనకే ఫర్హానా, చేతిలో లడ్డూల డబ్బా. నియామకపు ఉత్తరం కన్నా ముందు దీవెన చూపించింది ఆ రోజు పేపరు. జిల్లా పేజీలో, కింద మూలకు, అయిదు వరుసలు. నాలుగేళ్ల కిందటి ఫలానా వార్తలో వంటమనిషి ఎలీషమ్మ తప్పేమీ లేదు, ఆమెను అడగకుండా రాసినందుకు చింతిస్తున్నాం అని. ఎలీషమ్మ దాన్ని వాడలో ఇంటింటికీ తిప్పిందట. చదువురానివాళ్లకు తనే నిలబడి దీవెన చేత పైకి చదివించిందట. వాడంతా చుట్టూ చేరి విన్నారట.

ఆ ముక్క వినగానే నాకు మా ముసలాయన గుర్తొచ్చాడు.

దీవెన నన్ను యాకూబ్ మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, అయినా గుండీలు ఎడమపక్కకు మార్చాడు, నడుము దగ్గర రెండు పట్టీలు కుట్టాడు, ఎవరికి కావలసినంత వాళ్లు బిగించుకునేలా. “అప్పుడే చెప్పిన గదా బిడ్డా” అని ఒక్కసారి అని ఊరుకున్నాడు. పిన్నీసుల బాధ నాకు తప్పింది.

వెళ్లేముందు దీవెన నా లోపలి జేబు దులిపి, ఒకే ఒక్క చీటీ పెట్టింది. పోయిన వారం ఒక కొత్త పిల్ల నన్ను తొడుక్కుని, జేబు తడిమి, దాన్ని పైకి చదివింది.

“తాత పోయిండు. మంచోడే, మస్తు మందికి నౌకరీలు ఇప్పిచ్చిండు. ఇగ ఎవల ముచ్చట వాళ్లే చెప్పుకోండ్రి. ఇట్లు, దీవెన, ఎలీషమ్మ బిడ్డ.”

అందరూ నవ్వారు. నవ్వమనండి. లేనివాడైతేనేం, తొమ్మిదేళ్లు గుండె పక్కన పెట్టుకుని మోశాను. బీరువా తలుపు మూసినప్పుడల్లా ఆయన మీద కొంచెం బెంగగానే ఉంటుంది.