మోకాళ్ళ దాకా వచ్చే గౌను

క్లబ్బు పార్టీకి వస్తానని మిర్యా తనంతట తానే అన్నప్పుడు, యాలకుల రొట్టెకి పిండి పిసుకుతున్న తల్లి హెల్మి చేతులు పిండిలోనే ఆగిపోయాయి. అక్క ఐలా మాత్రం, "అలాగేలే, బట్టల సంగతి నేను చూసుకుంటా" అంది. చాలా తొందరగా అంది.

చెల్లెలి బట్టల సంగతి ఐలా చూసుకోవడం కొత్తేమీ కాదు. రెండేళ్ళ కిందట డిసెంబరులో, మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బు ఇచ్చే అదే పార్టీ నుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ కారులో తిరిగి వస్తుంటే, కంటికి ఆనని మంచుపొర మీద చక్రాలు జారి కారు వెళ్ళి బండరాళ్ళను గుద్దుకుంది. నడుపుతున్నది ఐలా. ఆమెకు మణికట్టు విరిగి, అతుక్కుంది. బడిలో పాఠాలు చెప్పే మిర్యాకు నడుము నుంచి కిందికి కదలికా, స్పర్శా పోయాయి. ఐలా తాగలేదు, వేగంగానూ నడపలేదు. పోలీసులూ అదే రాశారు, కెనడాలోని ఆ థండర్ బే ఊళ్ళో తెలిసినవాళ్ళందరూ అదే అన్నారు. మిర్యా మాత్రం ఆ ప్రమాదం గురించి అక్కతో మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆ ఒక్క మాట కోసం ఐలా ఎదురుచూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ చెల్లెలికి మందులు తెచ్చేది, వాకిట్లో మంచు తవ్వేది, బట్టలు కొనేది. అన్నీ నల్లవీ, బూడిద రంగువీ. అన్నీ పాదాల దాకా వచ్చేవే.

ఆ శనివారం కూడా రెండు సంచులు మోసుకొచ్చింది. నల్ల పొడుగు లంగా, వదులైన నల్ల జాకెట్టు, చీలమండల దాకా వచ్చే ముదురు బూడిద రంగు కోటు. మిర్యా చక్రాల కుర్చీలోనే ముందుకి వంగి, ఒక్కొక్కటీ తీసి మంచం మీద పరిచింది.

"ఇవి పార్టీకా, ఎవరినైనా పాతిపెట్టి రావడానికా?"

"నలుపైతే నిండుగా ఉంటుందే."

"నిండుగానా, అసలు కనపడకుండానా?"

గుమ్మంలోంచి తల్లి సర్దబోయింది. "నలుపు అందరికీ నప్పుతుందమ్మా."

"శవపేటిక్కి కూడా నప్పుతుందే అమ్మా" అంది మిర్యా. కోటు ఎత్తి పట్టుకుంది. "దీన్ని చూడు. నేను కూర్చుంటే వెనకంతా మూటలా లేస్తుంది, కింద అంచులు చక్రాల్లో చుట్టుకుంటాయి. కొనేముందు నన్ను తలుచుకున్నావా, నిలబడున్న బొమ్మని చూసి కొన్నావా?"

ఐలా కోటు మడతపెట్టసాగింది.

"మడతపెట్టకు. తిరిగిచ్చేద్దాం. షాపుకి నేనే వస్తా."

ఊరి దిగువన, సరస్సుకి దగ్గర్లో ఉంది ఆ షాపు. యజమాని పేరు పెట్రా. యాభై దాటిన మనిషి, మెళ్ళో కొలత టేపుతో గుమ్మం దాకా ఎదురొచ్చింది. మిర్యాను చూడగానే చేతులు గుండెల మీద పెట్టుకుని, "ఎంత ధైర్యం, ఎంత ధైర్యం!" అంది. తర్వాత ఐలా వైపు తిరిగి, "ఈవిడకి ఏ సైజు?" అని అడిగింది.

"ఈవిడకి నోరు కూడా ఉందండీ" అంది మిర్యా. "పది. ప్రమాదానికి ముందు పన్నెండు."

పెట్రా ముఖం ఎర్రబడింది. కానీ మంచి గౌన్లన్నీ కింది కమ్మీ మీదికి దించి, చేతికందేలా పెట్టింది. మిర్యా ముందు వెండి చమ్కీల గౌను తీసింది. దీపాల కింద అది చేపపొట్టులా మెరిసింది.

"అది వద్దు" అంది ఐలా.

"ఇంకా వేసుకోనేలేదు."

"కూర్చుంటే చమ్కీలు కింద ఒత్తుకుంటాయి. నీకు తెలీదు. పుండు పడ్డాక తెలుస్తుంది. నర్సు ఎన్నిసార్లు చెప్పింది?"

నర్సు చెప్పిన మాట నిజమే. మిర్యా గౌను మళ్ళీ కమ్మీకి తగిలించింది, విసురుగా. మరికాసేపు వెతికి ముదురాకుపచ్చ మఖమల్ గౌను ఒకటి పట్టుకుంది. వెనకాల కుట్టు లేదు, గుండీ లేదు, జిప్ పక్కనుంది. పొడుగు చేతులు. మోకాళ్ళ దాకా వస్తుంది.

"ఇందులో ఏం ఒత్తుకుంటుందో చెప్పు" అంది.

ఐలా గుడ్డ లోపలివైపు తిప్పి వేళ్ళతో తడిమింది. ఏమీ దొరకలేదు. "పొట్టిగా ఉంది" అంది చివరికి.

ట్రయల్ రూములో కుర్చీ పట్టలేదు. పెట్రా వెనకున్న సామాన్ల గది తెరిచింది. అట్టపెట్టెలు, విరిగిన బొమ్మ ఒకటి, గోడకానించిన నిలువుటద్దం, ఒక పొట్టి బల్ల. మిర్యా చేతుల మీద బరువు వేసి కుర్చీలోంచి బల్ల మీదికి జరిగింది. చలికి తొడుక్కున్న దళసరి ప్యాంటు లాగాల్సింది ఐలా. లాగింది. లాగుతున్నంతసేపూ అట్టపెట్టెల మీది అక్షరాలు చదువుతూనే ఉంది.

మిర్యా అద్దంలోంచి అక్కను చూస్తోంది.

గౌను తల మీదుగా దిగింది. జిప్ సగం ఎక్కింది. భుజాల దగ్గర అచ్చంగా ఆమె కోసమే కుట్టినట్టు కూర్చుంది. కూర్చోవడంతో అంచు మోకాళ్ళ పైకి నాలుగు వేళ్ళు లేచింది. కింద రెండు కాళ్ళు తెల్లగా, సన్నగా వేలాడుతున్నాయి.

"బాగుంది కదూ?"

"కింద నల్ల ప్యాంటు వేసుకుంటే బాగుంటుంది."

"గౌను కింద ప్యాంటా?"

"బయట మైనస్ పాతిక, మిర్యా! కాళ్ళు గడ్డకట్టినా నీకు తెలీదు. వేళ్ళు పోతాయి."

"కారు దాకా దుప్పటి కప్పుకుంటా. హాల్లో వెచ్చగానే ఉంటుంది. అసలు సంగతి అది కాదు. నా కాళ్ళు ఎవరి కోసం దాస్తున్నావు నువ్వు?"

"ఎవరి కోసమేంటి? నీ కోసమే."

"నేను రోజూ చూసుకుంటాను. అమ్మ చూస్తుంది, నర్సు చూస్తుంది. చూడలేనిది నువ్వొక్కదానివే. ఇందాకట్నుంచి ఆ పెట్టెల మీద ఏం రాసుందో బట్టీపట్టావు. అవునా, కాదా?"

ఐలా జిప్ వదిలేసి గదిలోంచి బయటికి వచ్చేసింది. షాపు దాటి, తలుపు దాటి, కార్లు ఆపే చోటికి వెళ్ళి, సొంత కారు పక్కన టోపీ కూడా లేకుండా నిలబడింది. సరస్సు మీంచి గాలి కొడుతోంది. చెవులు మండి, తర్వాత మొద్దుబారాయి. అప్పటికిగానీ ఆమెకు తట్టలేదు, చెల్లెల్ని సగం ఎక్కిన జిప్‌తో బల్ల మీద వదిలేసి వచ్చానని. కుర్చీని కూడా ఇందాక తానే దారికడ్డమని తలుపు దగ్గరికి నెట్టింది.

పరుగెత్తింది.

షాపులో క్రిస్మస్ పాటలు గట్టిగా మోగుతున్నాయి. పెట్రా ముందు గదిలో ఎవరో పెళ్ళికూతురి తల్లికి టోపీలు చూపిస్తోంది. సామాన్ల గదిలో మిర్యా నేల మీద ఉంది. కుర్చీ అందుకోబోయి బల్ల మీంచి జారింది. ఒక కాలు ఒంటి కింద మడతపడి ఉంది. ముఖం గోడకి తిప్పుకుని, చేతుల మీద లేవడానికి ప్రయత్నిస్తోంది.

"పిలవొచ్చు కదే!"

"ఎవర్ని?"

ఐలా మోకాళ్ళ మీద కూలబడింది. "దెబ్బ తగిలిందా? ఎక్కడ తగిలింది?"

"నన్నడిగితే నాకేం తెలుస్తుంది? నువ్వే చూడు."

చూడక తప్పలేదు. మడతపడ్డ కాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఇవతలికి తీసింది. అనుకున్నంత చల్లగా లేదు, వెచ్చగానే ఉంది. పిక్కల్లో కండ కరిగిపోయి ఎముక తగులుతోంది. మోకాలి కింద ఆపరేషన్ మచ్చ నున్నగా, గులాబీ రంగులో మెరుస్తోంది. అదెంత పొడుగుందో ఐలాకి అప్పటిదాకా తెలీదు. రెండు కాళ్ళూ తిప్పి తిప్పి చూసింది, మడమల దగ్గర, తుంటి దగ్గర చూసింది. గీత కూడా పడలేదు.

"ఏమీ లేదు" అంది. చేయి మాత్రం తియ్యలేదు. "మిర్యా, నా మీద కోపంగా ఉందా?"

"ఉంది."

ఇన్నాళ్ళూ ఐలా ఎదురుచూసిన మాట ఇది కాదు. మిగతాది ఏదో వస్తుందని ఆగింది. వచ్చింది, కానీ వేరేది వచ్చింది.

"నీ తప్పేం లేదని అందరూ అన్నారు. నాకూ తెలుసు లేదని. అయినా కోపం వస్తుంది. మా బడిలో కుర్చీ ఎక్కే వాలుదారి మీద మంచు తవ్వకపోతే వస్తుంది. పిల్లలు మెట్లు దూకుతూ దిగుతుంటే వస్తుంది. అప్పుడు నీ ముఖమే కళ్ళముందుకొస్తుంది. కాసేపుండి పోతుంది. పోయాక నేను బాగానే ఉంటాను. ఇంతలో నువ్వొస్తావు, తల వేలాడేసుకుని, చేతిలో ఓ నల్ల లంగాతో. నా కోపం నేనే భరించాలి, నీ బాధా నేనే మొయ్యాలా అక్కా?"

ఐలా ఏడవలేదు. ఏడిస్తే తనని ఊరుకోబెట్టే పని కూడా చెల్లెలి మీదే పడుతుందని అర్థమైంది. చంకల కింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. జిప్ పైదాకా లాగింది.

"తీసుకో ఈ గౌను" అంది.

"నువ్వు తీసుకోమన్నావని కాదు, నాకు నచ్చి తీసుకుంటున్నా."

"సరేలే."

కోటు దగ్గర మళ్ళీ మాట పెరిగింది. మిర్యా తెల్ల ఉన్ని కోటు కావాలంది. చక్రం తిప్పితే మంచు బురదంతా చేతుల మీదే పడుతుంది, తలుపు చేరేలోగా నల్లనవుతుందని ఐలా వాదించింది. ఆ ఒక్కదాంట్లో మిర్యా వింది. నడుము దాకా వచ్చే ఎర్ర కోటు తీసుకుంది, మణికట్టు దగ్గర బిగుతుగా ఉండేది. బూట్లు మాత్రం వినలేదు. మడమ ఎత్తుగా, ముందు కోసుగా ఉన్న నల్ల జత ఎంచుకుంది.

"అవి బిగుతు. సగం సైజు పెద్దవి అడుగు."

"నేనేమైనా నడుస్తానా వీటితో? అందానికేగా."

ఐలాకి ఇంకా చెప్పాలనుంది. కానీ ఇందాకటి మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఊరుకుంది.

బయటికి వచ్చేముందు మిర్యా అక్క వైపు చూసి, "నీకూ ఒకటి తీసుకో. ఎప్పుడు చూసినా ఆ బూడిద స్వెట్టరే" అంది. ఐలా వద్దంది. పెట్రా ఊరుకోక ఒక నీలం గౌను తొడిగించి, "అబ్బ, ఈమె కోసమే పుట్టింది!" అంది. మిర్యా పైనుంచి కిందికి చూసి, "నప్పలేదు. బస్తాలా ఉంది" అంది. ఐలా కొనలేదు.

పార్టీ సాయంత్రం మిర్యా తన పాత జట్టు నాయకురాలు లోర్నా వ్యానులో ముందే వెళ్ళిపోయింది. ఐలా, తల్లి వేరేగా వెళ్ళారు. హాలు నిండా వెలుగు. ఆడవాళ్ళందరూ బరువైన కోట్లు గుమ్మం దగ్గర విప్పేసి, పట్టు గౌన్లలో, వీపులు కనపడే గౌన్లలో తిరుగుతున్నారు. మంచు మీద రాళ్ళు జార్చి గెల్చిన కప్పులు గోడ పొడుగునా ఉన్నాయి. వాటిలో రెండు మిర్యా జట్టువి.

ఐలా చెల్లెల్ని దూరం నుంచే చూసింది. జుట్టు పైకి కట్టుకుంది, ఆకుపచ్చలో మెడ మెరుస్తోంది. పలకరించడానికి వచ్చినవాళ్ళ చూపు ముందు కాళ్ళ మీద పడి, ఉలిక్కిపడి, ముఖం మీదికి ఎక్కుతోంది. ఒక ముసలాయన అందరికీ వినపడేలా, "ఎంత అందంగా ఉన్నావమ్మా!" అన్నాడు, ఏడుస్తున్న చంటిదాన్ని సముదాయిస్తున్నట్టు. మిర్యా నవ్వింది. ఆయన అటు తిరగగానే ఎర్ర కోటు తీసి మోకాళ్ళ మీద కప్పుకుంది.

ఐలా లేవబోయింది. తల్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "కూర్చో. పిలిస్తే వెళ్దువుగాని."

మిర్యా పిలవలేదు. భోజనాలయ్యాక చూస్తే కోటు కుర్చీ వెనకాల వేలాడుతోంది. ఎప్పుడు తీసిందో, తనే తీసిందో, హాల్లో ఉక్క పోసి తీసిందో ఐలాకి తెలీదు. మిర్యా లోర్నాతో కిందటి పోటీల గురించి గట్టిగా వాదిస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఐలా ఇంట్లో ఫోన్ మోగింది.

"అక్కా, ఒకసారి వస్తావా? కాలు చూడాలి. అమ్మ చూసి ఏడుస్తోంది గానీ ఏముందో చెప్పట్లేదు."

ఐలా వెళ్ళేసరికి మిర్యా మంచం మీద బోర్లా పడుకుని ఉంది. కుడి మడమ మీద చర్మం ఊడి, చుట్టూ ఊదారంగు తిరిగింది. మధ్యలో నీటిబుడగ. కొత్త బూటు సాయంత్రమంతా అక్కడే నొక్కుతూ కూర్చుంది. ఐలా కాలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వెలుగుకి తిప్పి చూసింది.

"ఎంతుంది?"

"పాతిక సెంట్ల బిళ్ళంత. కాదు, పెద్దది. డాలర్ బిళ్ళ కన్నా పెద్దది." ఒక్కసారిగా ఐలా గొంతు లేచింది. "బుద్ధుందా నీకు? బిగుతు బిగుతని షాపులో మొత్తుకోలేదూ? అందానికట అందానికి! ఇది ముదిరి ఎముక దాకా పోతే ఏం చేస్తావే? గాడిదకున్నంత మొండితనం నీకు!"

తల్లి గుమ్మంలో నిలబడిపోయింది. ప్రమాదం తర్వాత ఐలా చెల్లెల్ని కసరడం ఆమె వినడం అదే మొదటిసారి.

మిర్యా దిండులోంచి తల తిప్పింది. "అరవకు. తలనొప్పిగా ఉంది" అంది. అంతలోనే, "నిజంగా ఎముక దాకా పోతుందా?" అని అడిగింది. ఆ గొంతులో భయం ఉంది.

"నర్సుకి ఫోన్ చేస్తా. కదలకు."

పుండు మానడానికి ఫిబ్రవరి దాకా పట్టింది. అన్నాళ్ళూ మిర్యా బడికి వెళ్ళలేదు. మంచంలో చిరాకుపడుతూ, వచ్చినవాళ్ళందరినీ కసిరింది. కట్టు మార్చడం నర్సు దగ్గర నేర్చుకుని ఐలాయే మార్చేది. కొన్ని రోజులు ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఆ పని అయిపోయేది. ఒకరోజు మిర్యా, "ఇవాళ నీ ముఖం చూడాలని లేదు, వెళ్ళిపో" అంది. ఐలా కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. దారంతా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. మర్నాడు మళ్ళీ వచ్చింది.