గోడవతలి పార్కు

చేంతాడు అరచేతిని కోస్తోంది. తెల్లారేలోపు బావి నీళ్లు తోడి, బిందె తర్వాత బిందె పెరటిగోడ మీద పెట్టాలి. అవతలి నుంచి తోటమాలి సైదులు అందుకుని పార్కులో మొక్కలకు పోస్తాడు. "సేటు పుణ్యాత్ముడమ్మా!" అంటాడు రోజూ. సేటు అంటే మా ఆయన.

ఆ పార్కు జాగా మా నాన్న నాకు పసుపుకుంకుమల కింద కొనిచ్చింది. అక్కడ మిరపకాయలు ఆరబోసేదాన్ని. యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం పాలన పోయాక, సూర్యాపేటలో పెద్దమనిషి అనిపించుకోవాలని మా ఆయనకు తొందర పుట్టింది. నన్ను అడక్కుండానే జాగాను పిల్లల పార్కుకు ఇచ్చేశాడు, దాంతోపాటు మా బావి నీళ్లు కూడా. ఇనుప గొలుసుల ఉయ్యాలలు, జారుడుబండ, కానుగ మొక్కల మధ్య సిమెంటు బెంచీ వచ్చాయి. గేటు పక్కన రాయి మీద ఆయన పేరు వచ్చింది. సరుకు ఒకరిది, పేరు ఒకరిది.

ఆడవాళ్లకూ అందులో ఒక పూట ఇచ్చారు, కొసరు వేసినట్టు. సంత రోజు మధ్యాహ్నం. ఆ పూట మా దుకాణంలో బెల్లం, చింతపండు తూచేది నేనే. అందుకే ఇంతవరకు గోడ మీంచి చూడడమే తప్ప లోపల అడుగు పెట్టలేదు.

"ఒక్కసారి పోయొస్త" అన్నాను మొన్న.

"నీకెందుకే? గోడ మీదికెల్లి కనబడతలేదా?" అన్నాడాయన.

"ఉయ్యాల ఊగనీకె పోతదేమో పసిపిల్ల!" అని అత్త నవ్వింది.

సంత రోజు పక్కింటి దేవమ్మ బెల్లానికి వచ్చింది. "అక్కా, నీ నీళ్లకు మొక్కలు మంచిగ సిగురు పెట్టినయ్. ఆ బెంచీ మీద కూసుంటే లేవబుద్ధి కాలె. నువ్వేందే, ఒక్కనాడు గుడ రావు?"

ఆమె బెల్లానికి కొసరు వేస్తూ నా లెక్క చూసుకున్నాను. ఇచ్చిన వైపు పళ్లెం నేలకు ఆనింది. దక్కిన వైపు ఖాళీగా గాల్లో ఉంది.

మర్నాడు ఇంటికి సరిపడా తోడి, చేంతాడు చుట్టేశాను. గోడవతల సైదులు పిలిచి పిలిచి వెళ్లిపోయాడు. నడివేసవి. రెండు మూడు రోజులకే మొక్కలు వాడిపోయాయి.

మా ఆయన ఉరికొచ్చాడు. "తహసీల్దారు సాబు సూడనీకొస్తుండు. నా పరువు తీస్తవా? సైదులునే వచ్చి తోడుకొమ్మంట!"

అత్త గడపలోంచి అరిచింది. "నా పెరట్లకు పరాయి మగోణ్ణి రానిస్తనా? కాళ్లిరగ్గొడ్త!"

అప్పుడన్నాను. "నేనే తోడుత. రోజూ పొద్దుగూకంగ పార్కు ఆడోళ్లకు ఇయ్యుండ్రి. ఆ యాళ్లకు కాటా మీరు పట్టుండ్రి."

"మొగనితోని బేరమాడుతున్నవా?"

"మీ దుకాణంలనే నేర్సిన."

నేను మెత్తబడతానని ఆయన అరుగు మీద కూర్చున్నాడు. గోడవతల కానుగ ఆకులు వేలాడుతున్నాయి. వాటిని పెంచిన చెయ్యి కదా, చేంతాడు వైపు దానంతటదే పోయింది. వెనక్కి తీసుకున్నాను.

సరుకు మనదైనప్పుడు తొందర కొనేవాడిదే.